అరటాకు పీచు సాక్ష్యం

ఆ గురువారం ఉదయం అరబా క్వాన్సా మూడు పనులు అనుకుని ఇల్లు కదిలింది. పది గంటలకల్లా ఒక నివేదిక ముగించడం, పన్నెండింటికి కడుపునిండా తినడం, రెండింటికి నియామక కమిటీ ముందు తడబడకుండా కూర్చోవడం. మొదటి పని అనుకున్నట్టే అయింది. మిగతా రెండూ చెడిపోవడానికి కారణం ఆ మొదటిదే.

ఘానా రాజధాని అక్రాలోని నేరపరిశోధన లేబొరేటరీలో ఆమెది మూడేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. వెంట్రుకలు, దారప్పోగులు, గాజురవ్వలు, రంగు పెచ్చులు, ఇంతింత మట్టి, ఇలా మామూలు మనిషి దులిపి పారేసేవన్నీ ఆమె దాచి చూస్తుంది. ఆర్నెల్లకోసారి ఇంకో ఆర్నెల్లు పొడిగించినట్టు కాగితం వస్తుంది. ఈ రోజు కమిటీ సరేనంటే ఆ కాగితాల పీడ విరగడై ఉద్యోగం పర్మనెంటవుతుంది. కాదంటే మళ్లీ తమ్ముడి బడి ముందు నీళ్ల పొట్లాలమ్మే అమ్మ పక్కన కూర్చోవాలి. కమిటీ అధ్యక్షుడు మంత్రిత్వశాఖ నుంచి వచ్చే డాక్టర్ బొయాతెన్. కిందటేడు నలుగురిని ఏడిపించి పంపిన మనిషి. "ఖాళీ చేతులతో వెళ్లకు. దొంగని పట్టించిన నివేదిక ఒకటి పట్టుకెళ్లు" అని డైరెక్టరు ముందే హెచ్చరించాడు.

ఆ రోజు ఆమె బల్ల మీదున్న కేసు చిన్నది. ఒక పేటలో కొత్తగా వెలిసిన ప్రార్థనా మందిరంలో సోమవారం రాత్రి రెండు పెద్ద లౌడ్‌స్పీకర్లు మాయమయ్యాయి. దొంగ దూరిన కిటికీ గట్టు మీద పోలీసులు టేపు అంటించి పీకి, కవరులో పెట్టి పంపారు. అరబా ఆ టేపును మైక్రోస్కోపు కింద పెట్టి గంటసేపు చూసింది. ఎండిన అరటాకు పీచు కనిపించింది. దానికి అంటుకుని ఉడికిన మొక్కజొన్న పిండి. ఆ రెండు ముక్కలే రాసి, సంతకం పెట్టి, సెక్షన్ అధికారి అయిటె క్వార్షీకి అందించింది.

క్వార్షీ మంచివాడే కానీ 'గా' అనే తెగవాడు. అరబా ఫాంటె తెగ పిల్ల. మూడేళ్లుగా మధ్యాహ్న భోజనం దగ్గర వాళ్లిద్దరికీ ఒకటే తగువు. కెంకీ అంటే గా వాళ్లదా, ఫాంటె వాళ్లదా అని. రెండూ పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలే. గా వాళ్లు మొక్కజొన్న పొత్తు రేకుల్లో చుట్టి ఉడకబెడతారు, ఫాంటె వాళ్లు ఎండిన అరటాకుల్లో. తేడా అంతే, కానీ ఆ తేడా మీద పెళ్లిళ్లు ఆగిన ఇళ్లున్నాయి.

క్వార్షీ నివేదిక చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు. పండగొచ్చినట్టు వెలిగిపోయింది ముఖం.

"అరటాకు, మొక్కజొన్న పిండి. అంటే ఏమిటి?"

"అరటాకు, మొక్కజొన్న పిండి సార్."

"కాదమ్మా. ఫాంటె కెంకీ. దొంగ మీవాడే."

"ఆకు ఏదో రాశాను సార్, తిన్నవాడి ఊరు రాయలేదు."

"నువ్వు రాయవులే. సొంతవాళ్ల మీద ఎవరు రాస్తారు? నేను చెప్తానుండు" అంటూ ఫోనందుకున్నాడు.

మైక్రోస్కోపుకి కులగోత్రాలు కనిపించవు. టెలిఫోనుకి మాత్రం బాగా కనిపిస్తాయి. క్వార్షీ నోట "ఫాంటె కెంకీ తిన్నవాడు" అని బయల్దేరిన మాట కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ ఇద్దిరిసు చెవిలో "ఫాంటెవాడు" అయింది. ఇన్‌స్పెక్టరు దగ్గర్నించి పదిన్నర వార్తలకి చేరేసరికి "కేప్ కోస్ట్ నుంచి దిగిన ముఠా" అయి కూర్చుంది. కేప్ కోస్ట్ ఫాంటె వాళ్ల ఊరు. రేడియోలో ఆ ముక్క విని లేబొరేటరీ టైపిస్టు, ఆమె కూడా ఫాంటె మనిషే, మిషను మీద ముసుగు కప్పేసింది. "ముఠావాళ్లతో టైపు చేయించుకోవడం మీకు క్షేమం కాదు సార్" అని క్వార్షీకి వినయంగా మనవి చేసి బయట చెట్టుకింద కూర్చుంది.

పదకొండున్నరకి ఇన్‌స్పెక్టరే ఫోను చేశాడు.

"మేడమ్, మీ పుణ్యమా అని కేసు సగం తేలింది. ఆ పేట మొత్తానికి ఫాంటె కెంకీ అమ్మేది ఒకే మనిషి, ఆంటీ ఎసాబా. మా స్టేషను గేటు ఎదురుగానే. పట్టుకొచ్చాం."

అరబా కుర్చీలోంచి లేచింది. "ఆవిడేం చేసింది?"

"నీ దగ్గర తినేవాళ్ల పేర్లు చెప్పమన్నాను. 'మీతో మొదలెట్టనా?' అంది. మొదలెట్టింది కూడా. నేను, నా తర్వాత సార్జెంటు, వరసగా ఇరవై ముగ్గురు కానిస్టేబుళ్లు. విచారణని వెక్కిరించినందుకు లోపల కూర్చోబెట్టాను."

"ఆవిణ్ణి వదిలెయ్యండి సార్."

"ఎలా వదుల్తాను? మీ నివేదిక వల్లే కదా పట్టుకున్నది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. తర్వాత గొంతు తగ్గించి, "అసలు ఇక్కడ పొద్దున్నించి ఎవరికీ తిండి లేదు మేడమ్. కుండ ఆవిడతోపాటే లోపలుంది. సాక్ష్యం కాబట్టి ముట్టుకోవడానికి లేదు" అన్నాడు.

అరబా భోజనం మాట మర్చిపోయింది. తను రాసిన రెండు ముక్కల వల్ల ముఖమైనా ఎరగని ఒక ఆడమనిషి లాకప్పులో కూర్చుందంటే ఆమెకు సిగ్గుగానూ ఉంది, భయంగానూ ఉంది. తప్పెక్కడ జరిగిందో చూద్దామని ఆ టేపు వచ్చిన కవరును మళ్లీ చేతిలోకి తీసుకుంది. మూత అంటించినచోట గోందు పసుపుగా నిగనిగలాడాలి. ఇక్కడ తెల్లగా, గరుగ్గా, అట్టు కట్టినట్టుంది. ఓ చుక్క అయోడిన్ వేసింది. పిండి ఉందన్నట్టు నల్లగా తిరిగింది. గోకి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఉడికిన మొక్కజొన్న పిండి, మధ్యలో పొడుగ్గా అరటాకు పీచు.

ఆ కవరు మీద సంతకం పెట్టిన కానిస్టేబుల్ దోగ్బేకి ఫోను చేసింది.

"కవరు దేంతో అంటించావు?"

"గోందు ఎండిపోయింది మేడమ్. స్టేషనుకి గోందు అడిగి మూడు నెలలైంది. చేతిలో కెంకీ ఉంది. కొద్దిగా మెదిపి రాశాను. గట్టిగానే అంటుకుంది కదా? మా పిల్లల పుస్తకాలన్నీ దాంతోనే అంటిస్తాం, ఒక్క కాగితం ఊడలేదు."

"టేపు కూడా ఆ చేతుల్తోనే పీకావా?"

"తుడుచుకునే పీకాను మేడమ్. ప్యాంటుకి."

దొంగ ఏం తిన్నాడో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా కానిస్టేబులు ఏం తిన్నాడో. ఆ మాట చెబితే కమిటీకి చూపించడానికి నివేదిక ఉండదు. చెప్పకపోతే ఉద్యోగం వస్తుంది, ఆంటీ ఎసాబా లోపలే ఉంటుంది.

క్వార్షీకి చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ ఒక్కరోజు నోరు మూసుకో తల్లీ. రేపు నేనే అన్నీ సర్దుతాను. డైరెక్టరుగారు ఇప్పటికే మంత్రిగారి కార్యాలయానికి చెప్పేశారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నీ ఉద్యోగమే కాదు, నా తల కూడా పోతుంది."

"ఆవిడ తెల్లవారేదాకా లోపలుండాలా సార్?"

క్వార్షీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకీ జాలిగానే ఉంది, కాకపోతే ధైర్యం లేదు.

రెండు గంటలకు డాక్టర్ బొయాతెన్ బూడిదరంగు కోటులో వచ్చి కూర్చున్నాడు. ఎండాకాలమైనా, వానాకాలమైనా వారమంతా ఆ ఒక్క కోటే వేసుకుంటాడని పేరు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చాలా రోజులు నిద్ర లేనివాడిలా ఉన్నాడు. కుడిపక్కన డైరెక్టరు, ఎడమపక్కన క్వార్షీ. డైరెక్టరు నివేదికను పెళ్లిపత్రికలా రెండు చేతులతో అందించాడు.

"మా అమ్మాయి నివేదిక వల్లనే పొద్దున ఒక ముఖ్యమైన అరెస్టు జరిగింది."

"అది చెల్లదు సార్" అంది అరబా.

బల్లకింద క్వార్షీ కాలు ఆమె కాలిని వెతికింది. దొరికింది డైరెక్టరు కాలు. డైరెక్టరు "అబ్బా" అన్నాడు. అరబా ఆగలేదు. కవరు, కెంకీ, కానిస్టేబులు, ప్యాంటు, అన్నీ వరసగా చెప్పేసింది. మూడేళ్ల కష్టం తన నోటితో తానే కడిగేసుకుంటున్నానని తెలుస్తూనే ఉంది.

డాక్టర్ బొయాతెన్ ముందుకు వంగాడు. "అంటే, ఈ టేపు మీద ఏం దొరికినా కోర్టులో నిలవదంటావు."

"నిలవదు సార్."

"ఎవరి మీదా?"

"ఎవరి మీదా నిలవదు సార్."

"ఆ మరుగుదొడ్డి కిటికీ దగ్గర ఇంకేమీ దొరకలేదా? దారమో, గుండీయో?"

"ఈ టేపు తప్ప మాకేం పంపలేదు సార్."

డాక్టరు వెనక్కి వాలాడు. చాలాకాలానికి ఊపిరి అందిన మనిషిలా కనిపించాడు. "ఇరవై ఏళ్లుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదు" అంటూ కలం తీసి, అక్కడికక్కడే పర్మనెంటు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. డైరెక్టరు నోరెళ్లబెట్టాడు. క్వార్షీ అయితే ఆంటీ ఎసాబాని వదలమని ఇన్‌స్పెక్టరుకి ఫోను చెయ్యడానికి పరిగెత్తాడు.

అరబా కాగితం గుండెలకు హత్తుకుని వరండాలోకి వచ్చేసరికి కానిస్టేబుల్ దోగ్బే నిలబడి ఉన్నాడు, చేతిలో కొత్త గోందు సీసాతో.

"ఆంటీని వదిలేశారని ఇప్పుడే ఫోనులో చెప్పారు మేడమ్. ఆవిడ మాత్రం స్టేషనులో ఎవరికీ వడ్డించనని ఒట్టు పెట్టుకుంది. నన్ను క్షమించండి."

అరబాకు నవ్వొచ్చింది. తృప్తిగా కూడా ఉంది. మాటవరసకి అడిగింది. "ఇంతకీ అది ఏ కిటికీ? నువ్వు కవరు మీద ఉత్త కిటికీ అని రాశావు."

"వెనక మరుగుదొడ్డి కిటికీ. ఎవరికీ చెప్పొద్దన్నాడు ఇన్‌స్పెక్టరు. రేడియోవాళ్లకి కూడా ముందు తలుపనే చెప్పాం. ఆయనకి, నాకు, దొంగకి తప్ప తెలియదు మేడమ్."

అరబా నవ్వు ఆగిపోయింది. మరుగుదొడ్డి కిటికీ అన్న మాట ఇందాక కమిటీ గదిలోనే విన్నది. "ఆ మందిరం వెనక ఎవరుంటారు?"

"మంత్రిత్వశాఖ పెద్దమనిషి ఒకాయన. రాత్రంతా పాటలు, కేకలు, నిద్ర లేదని నలభై ఫిర్యాదులిచ్చాడు. ఇప్పుడు పేట పేటంతా హాయిగా నిద్రపోతోంది, ఆ దొంగకి దండెయ్యాలంటున్నారు. అడుగో, ఆయనే కారెక్కుతున్నాడు."

అరబా చేతిలోని కాగితం వైపు చూసింది. సిరా ఇంకా ఆరలేదు. సంతకం పెట్టినవాడే కొట్టేయగలడు కూడా. ఒక్క నిమిషం ఆమెకు ఏమీ తెలియనట్టు ఇంటికి వెళ్లిపోవాలనిపించింది. మనసారా అనిపించింది. తర్వాత జేబులోంచి టేపు చుట్ట తీసి, ఓ ముక్క తుంచుకుని, కారు దగ్గరికి నడిచింది.

"సార్, మీ కోటు మోచేతి దగ్గర ఏదో అంటుకుంది. తీసెయ్యనా?"

"తియ్యమ్మా, తియ్యి. నీలాంటి పిల్లలే ఈ దేశానికి కావాలి" అన్నాడు డాక్టర్ బొయాతెన్ చెయ్యి చాపుతూ.

అరబా టేపును నెమ్మదిగా అద్ది, బూడిదరంగు పోగులతో సహా పీకి, శుభ్రమైన కవరులో పెట్టింది. ఆ కిటికీకి ఇలాంటి పోగు ఒక్కటి చిక్కుకుని ఉన్నా పోల్చి చూడొచ్చు. కారు గేటు దాటాక కవరు మీద తేదీ, సమయం, పేరు రాసి సంతకం చేసింది. పర్మనెంటు ఉద్యోగిగా అది ఆమె మొదటి సంతకం.