ఎదురు మాటకి పది నిమిషాల బెంచీ

మనిషి కనిపెట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్పదేది అంటే మీరు నిప్పు అంటారు, చక్రం అంటారు, సెల్‌ఫోన్ అంటారు. పాపం, మీరు మా అమ్మాయి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఎప్పుడూ రాలేదు! వచ్చి ఉంటే నాతోపాటు మీరూ ఒప్పుకునేవారు. అన్నిటికన్నా గొప్పది ఒక చెక్క బెంచీ. దానికి ఒక కాలు కాస్త పొట్టి. పేరు సిన్ బిన్.

తెలియనివారికి చెబుతాను. పిల్లల ఫుట్‌బాల్‌లో ఈ సీజన్ నుంచి కొత్త రూలు పెట్టారు. రిఫరీ ఇచ్చిన నిర్ణయం మీద ఏ పిల్ల అయినా నోరెత్తిందా, పసుపు కార్డు చూపించి పది నిమిషాలు ఆ బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ కాసేపూ టీము ఒకరు తక్కువగా ఆడుకోవాలి. ఎవరి కాలూ విరగ్గొట్టక్కర్లేదు, ఎవరి చొక్కా పట్టుకు లాగక్కర్లేదు. "అదేంటి సార్!" అంటే చాలు. పో, కూర్చో!

ఆహా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందండీ ఈ బెంచీ?

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఇంట్లో దానితో మాట్లాడటమంటే బోనెక్కి సాక్ష్యం చెప్పడమే. "పడుకో" అంటే "నిద్ర రాకుండా పడుకుంటే ఏం లాభం?" అంటుంది. "స్వెటర్ వేసుకో" అంటే "చలి నీకేస్తే స్వెటర్ నేనెందుకు వేసుకోవాలి?" అంటుంది. పెద్దవాళ్ళ దగ్గర జవాబు లేని ప్రశ్న వెయ్యడమే కదండీ పిల్లలు చేసే అసలు నేరం!

ఆటలో అది వెనక వరసలో ఆడుతుంది. బంతి దాన్ని దాటి పోదు కాబట్టి తోటి పిల్లలు 'గోడ' అని పిలుస్తారు. నేనూ అలాగే పిలుస్తాను, కాకపోతే కాస్త గట్టిగా. ఆ గోడ వరసగా నాలుగు ఆదివారాలు బెంచీ ఎక్కింది. నాలుగు! వేరే తండ్రయితే తల దించుకునేవాడు. నేను స్వీట్లు పంచాలనుకున్నాను. ఎందుకంటే బెంచీ దిగి వచ్చిన రోజు ఇంట్లో ఒక్క ఎదురు మాట ఉండదు. బూట్లు విప్పి గూట్లో పెడుతుంది. పెట్టింది తింటుంది. మొహం కడిగిన పలకలా తేటగా ఉంటుంది. పన్నెండేళ్ళు నేను అరిచి సాధించలేనిది పది నిమిషాల్లో ఒక చెక్కముక్క సాధించింది!

ఇక్కడ మీకో అనుమానం రావచ్చు. మైదానంలో పిల్లలేనా నోరెత్తేది, గీత ఇవతల నిలబడ్డ నాన్నల మాటేమిటి అని. ఛ ఛ! మేం నోరెత్తడం లేదండీ, సేవ చేస్తున్నాం. నాకు కళ్ళజోళ్ళ షాపుంది. రిఫరీ తప్పు చేసిన ప్రతిసారీ "సార్, కళ్ళు మసకలా? మా షాపుకి రండి, టెస్టింగ్ ఫ్రీ!" అని అరుస్తాను. ఇది ధిక్కారమా? ప్రజారోగ్యం! నా పక్కన డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన నిలబడతాడు. వాళ్ళబ్బాయి కాళ్ళ దగ్గరికి బంతి రాగానే "ఎడమకి తిప్పు! బ్రేక్! బ్రేక్! వెనక చూసుకో!" అంటాడు. ఇది అల్లరా? ఉచిత శిక్షణ!

ఇక మా గోడకి నేనిచ్చే సలహాలు వేరే లెవెల్. "ముందుకి! ముందుకి కాదు, వెనక్కి! కొట్టు! ఇప్పుడు కాదు! అయ్యో, ఎందుకు కొట్టలేదు?" అరగంటలో ఇన్ని సలహాలు ఏ కోచ్ ఇవ్వగలడు చెప్పండి? అందుకే గీతకి ఇవతలవాడు ఏమన్నా అది అభిమానం. అవతల ఉన్న పన్నెండేళ్ళ పిల్ల అంటే అది క్రమశిక్షణా రాహిత్యం. రూలు చాలా స్పష్టంగా ఉంది.

నన్నడిగితే ఈ బెంచీని మైదానంలో మాత్రమే ఉంచడం జాతికి ద్రోహం. ప్రతి ఆఫీసులో, మీటింగ్ గది బయట ఒకటి వెయ్యాలి. "సార్, ఈ పని నిన్ననే అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకు చెయ్యడం?" అన్నవాడు పది నిమిషాలు కూర్చోవాలి. బడిలో, "టీచర్, బోర్డు మీద లెక్క తప్పు" అన్న పిల్లవాడికి పది. లెక్క నిజంగానే తప్పయితే ఇరవై! ఆస్పత్రిలో, "డాక్టరుగారూ, నొప్పి ఆ కాలు కాదండీ, ఈ కాలు" అనే పేషెంటుకి మంచానికి బదులు బెంచీ.

ఇంట్లో నేనొకటి వేసి చూశాను కూడా. మొదటిరోజు మా బావమరిదిని కూర్చోబెట్టాను, నా వంటని విమర్శించినందుకు. రెండోరోజు మా ఆవిడ నన్ను కూర్చోబెట్టింది, ఆ వంట చేసినందుకు. మూడోరోజుకి బెంచీ మీద ఉతికిన బట్టలు చేరాయి. గొప్ప సంస్కరణలన్నీ ఇలాగే బట్టల కింద పడి చస్తాయి.

సరే, అసలు విషయానికొస్తాను. మా ఫ్రిజ్ మీద ఒక కాగితం వారం రోజులుగా అతికించి ఉంది. కోచ్ పంపిన ఫారం. వచ్చే సీజన్ ఆడతావా, అవునా కాదా? ఏ స్థానం ఇష్టం? పిల్లకి పడనివి ఏమైనా ఉంటే రాయండి. పిల్లే స్వయంగా నింపి సోమవారం పొద్దున్నకల్లా ఇవ్వాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మా అమ్మాయి ఏడేళ్ళప్పటి నుంచీ బంతిని పక్కలో పెట్టుకుని పడుకునే రకం. అలాంటిది వారమైనా ఫారం ముట్టుకోలేదు.

"ఏవండీ, ఆట మానేస్తుందేమో, దాన్నోసారి అడగండి" అంది మా ఆవిడ.

"సిగ్గుపడుతోందిలే. బెంచీ పని చేస్తోంది" అన్నాను. కానీ నిజం చెప్పొద్దూ, నాకూ లోపల గుబులుగానే ఉంది. అది మానేస్తే ఆదివారాలు నేనెవరి మీద అరవాలి?

అయిదో ఆదివారం వచ్చింది. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. బంతి పక్క గీత దాటింది, దాన్ని లోపలికి విసిరే త్రో రిఫరీ మా టీముకిచ్చాడు. ఇంకేం, హాయి! అంతలో మా గోడ చేతులు వెనక్కి కట్టుకుని రిఫరీ దగ్గరికి నడిచింది, ఏదో అంది. పసుపు కార్డు! అది బెంచీ వైపు ఎలా వెళ్ళిందనుకున్నారు? ఏడుస్తూనా, కాళ్ళీడ్చుకుంటూనా? గెంతుకుంటూ వెళ్ళింది! బెంచీ మైదానానికి అవతలి గట్టున ఉంటుంది. అక్కడ కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ మ్యాచ్ చూసింది.

పది నిమిషాలయ్యాక మళ్ళీ ఆటలోకి దిగింది. హాఫ్ టైమ్ కాగానే రిఫరీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన మామూలు రోజుల్లో వాచీలు రిపేరు చేస్తాడు. ఆయన పది నిమిషాలంటే పదే, సెకను అటూ ఇటూ కాదు.

"మీ మేలు మరిచిపోలేనండీ" అన్నాను. "ఇంతకీ మా అమ్మాయి ఏ మాట అంది? బూతా? చెప్పండి, నేను తట్టుకోగలను."

"బూతులేం లేవండీ. 'సార్, ఈ త్రో మాకు రాకూడదు, వాళ్ళకివ్వండి. మీ నిర్ణయం తప్పు' అంది. అయిదు వారాలుగా అదే మాట. అదీ మీవాళ్ళు గోలు ముందుంటేనే వస్తుంది, టీముకి నష్టం రానివ్వదు. రూలు రూలే కాబట్టి కార్డు ఇస్తున్నాను. ఉండబట్టలేక ఇవాళ అడిగేశాను, ఎందుకమ్మా ఇలా చేస్తావని."

"ఏమంది?"

ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టున్నాడు.

"'అక్కడికి మా నాన్న వినపడడు సార్' అంది."

నేనేం చేశానంటారా? మీరైతే బాధపడేవారు. నాకు ఒళ్ళు మండిపోయింది! వినపడకపోవడమేమిటి? నా గొంతు సంగతి దానికి తెలియదా? నేను షాపులో తుమ్మితే ఎదురు వరసలో షట్టర్లు అదురుతాయి! తేల్చుకుందామని డ్రైవింగ్ స్కూలాయనకి "నా బదులు కూడా నువ్వే అరిచెయ్యి" అని అప్పజెప్పి, మైదానం చుట్టూ నడిచి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ ఓ పక్కకి ఒరిగింది.

అమ్మాయి చెప్పింది నిజమే. గాలి ఇటు నుంచి అటు వీస్తోంది. డ్రైవింగ్ స్కూలాయన నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, చేతులు తిప్పుతున్నాడు. ఒక్క ముక్క వినపడితే ఒట్టు! వినపడుతున్నది పిల్లల గొంతులు. "నాది నాది!" "వదిలెయ్!" "ఇటియ్యవే!" ఇన్నేళ్ళుగా మ్యాచ్‌లకి వస్తున్నాను, పిల్లలు ఆటలో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని నాకు అప్పటిదాకా తెలీదు.

ఇంకోటి కూడా చూశాను. బంతి కాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు మా గోడ ముందు బంతిని చూడటం లేదు. తల తిప్పి, నేను రోజూ నిలబడే చోటుని చూస్తోంది. దెబ్బ పడుతుందేమోనని చూసే చూపు అది. రోజుకి ముప్ఫై మంది కళ్ళు పరీక్ష చేసేవాణ్ణి, నాకు అలాంటి చూపు తెలుసు.

రెండుసార్లు అలా చూసింది. అక్కడ నేను లేను. మూడోసారి చూడలేదు! బంతిని తీసుకుని మైదానం మధ్య గీత దాటింది, ఎప్పుడైనా దాటిందా అది? ఒకర్ని తప్పించింది, ఇంకొకర్ని తప్పించింది, ఒక్క తన్ను తన్నింది. బంతి గోలుకి బారెడు దూరంలోంచి పోయి ముళ్ళకంచెలో పడింది. ఎంత ఘోరమైన తన్నంటే, నేను సగం లేచి నోరు తెరిచేశాను. అది పడీ పడీ నవ్వుతోంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

కాసేపటికి రిఫరీ అటుగా పరిగెత్తుతూ వాచీ చూసి, "మీ పది నిమిషాలు అయిపోయాయండీ, వెళ్ళొచ్చు" అన్నాడు.

"ఇంకాసేపు కూర్చుంటానండీ" అన్నాను.

కాబట్టి పాఠకులారా, నా అభిప్రాయం మారలేదు. సిన్ బిన్ దివ్యమైనది. ఎదురు మాట్లాడేవాళ్ళని కూర్చోబెట్టి తీరాలి. కాకపోతే బెంచీ కాస్త పొడుగ్గా చేయించాలి. నాన్నలు లావుగా ఉంటారు.

ఆ సాయంత్రం ఫ్రిజ్ దగ్గరికి నీళ్ళకోసం వెళ్తే ఫారం నింపి ఉంది. వచ్చే సీజన్ ఆడతావా అన్నచోట 'అవును' అని ఉంది. నాకు గెంతాలనిపించింది, గెంతాను కూడా, మా ఆవిడ చూసింది. స్థానం అన్నచోట 'ఎక్కడైనా' అని ఉంది. పిల్లకి పడనివి అన్నచోట వేరుశనగలు, దుమ్ము లాంటివి రాస్తారు అందరూ. మా అమ్మాయి గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'నాన్న అరుపులు. మిగతా నాన్న ఫరవాలేదు.'

ఫరవాలేదట! కన్నతండ్రి, పైగా ఊళ్ళో పేరున్న కళ్ళజోళ్ళవాడు, ఫరవాలేదా? ఈ నిర్ణయం మీద నాకు చాలా తీవ్రమైన అభ్యంతరం ఉంది. కానీ ఒక్క ముక్క కూడా అనలేదు. బెంచీ మీది బట్టలు పక్కకి జరిపి, పది నిమిషాలు కూర్చుని లేచాను.