అంట్లు తోమని వేళ్లు

పోస్టాఫీసులో రోజంతా ముద్రలు కొట్టి గుమాస్తా ఇంటికొచ్చేసరికి, సింకు నిండా అంట్లు ఆయనకంటే ముందే వచ్చి కూర్చునేవి. వంట భార్యది, అంట్లు ఆయనవి. పెళ్లయిన కొత్తలో మోజుకొద్దీ ఒప్పుకున్న మాట. పదకొండేళ్లుగా దాన్నుంచి తప్పించుకునే దారే దొరకలేదు.

చివరికి గిటారు దొరికింది.

పక్కవీధిలో గిటారు మీద బ్లూస్ అనే విషాదపు బాణీలు నేర్పే మాస్టారున్నారు. ఎప్పుడూ కళ్లు సగం మూసుకునే వాయిస్తారు కాబట్టి అందరూ కునుకు మాస్టారంటారు. తీగ నొక్కి నొక్కి వేలికొసలు కాయలు కాయాలని, నీళ్లలో నానితే అవి మెత్తబడతాయని ఆయన మొదటి పాఠంలోనే చెప్పారు. ఆ తర్వాత చెప్పిందేదీ గుమాస్తా చెవికెక్కలేదు.

ఇంటికొచ్చి పొల్లుపోకుండా అప్పజెప్పాడు. భార్య కుట్టుమిషను మీద చొక్కాకి కాలరు వేస్తోంది. తల ఎత్తలేదు.

"ఎన్నాళ్లు తడపకూడదట?"

"ఒక్కణ్ణే సోలో వాయించడం వచ్చేదాకా."

"అదెప్పుడొస్తుందట?"

"కళ కదా. తొందరపెట్టకూడదు."

ఆవిడ దారం కొరికి, నిట్టూర్చి, సింకు దగ్గరికి నడిచింది.

మూడు నెలలు గడిచాయి. గుమాస్తా తీగని ఎంత సాగదీసినా అది ఏడవాల్సింది పోయి ఆవులించేది. వేళ్లు చంటిపిల్లాడి బుగ్గల్లాగే ఉన్నాయి. బ్లూస్‌లో ఉన్నవి అయిదే స్వరాలని, వాటి వెనక అలసట ఉండాలని మాస్టారు మొత్తుకునేవారు. గుమాస్తాకి అలసట లేక కాదు, అదంతా సోఫాకి ధారపోస్తున్నాడు.

ఒక ఆదివారం మాస్టారు చొక్కా కొలతలివ్వడానికి ఇంటికే వచ్చారు. ఈయన సోలో ఇంకెంత దూరంలో ఉందని, భుజం కొలుస్తూ ఆవిడ మెల్లగా అడిగింది. మాస్టారు మాత్రం సూదిపోట్లకి, ఇస్త్రీపెట్టె వేడికి మొద్దుబారిన ఆవిడ వేలికొసలనే చూస్తున్నారు.

"ఆ గిటారు తీసి, ఈ తీగ ఒకసారి నొక్కి పైకి నెట్టమ్మా."

ఆవిడ నెట్టింది. పగలంతా కుట్టి, సాయంత్రం అంట్లు తోమిన అలసటంతా ఆ ఒక్క తీగలోంచి మూలిగింది. కునుకు మాస్టారి కళ్లు మొదటిసారి పూర్తిగా తెరుచుకున్నాయి.

"ఇక ఈ చేతులు నీళ్లలో పెట్టకు తల్లీ."

"మూణ్ణెల్లుగా తోముతూనే ఉందిగా, ఆ కాయలకేమైంది?" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు గుమాస్తా. నీళ్లకి కాయలు పోవంటే తానే తోమాలి. పోతాయంటే ఆవిడ తోమకూడదు. అప్పుడూ తానే తోమాలి.

ఆవిడ టేపు చుట్టి పక్కన పెట్టింది. "సోలో వచ్చేదాకానేలెండి. కళ కదా, తొందరపెట్టకూడదు."

అప్పట్నించి ముందుగదిలో ఆవిడ తీగ, వంటింట్లో ఆయన మూలుగు. పాఠం చెప్పడానికి వచ్చిన మాస్టారు ఆ మూలుగు కాసేపు విని, అయిదు స్వరాలూ ఇప్పుడు సరిగ్గా పడుతున్నాయని మెచ్చుకున్నారు.