పోషకులకు పరీక్ష ఉండదు

ఒక పెద్ద అడవిలో, ఎవరి భయం వాళ్ళ దగ్గరున్నంతకాలం రోజులు బాగానే గడిచాయి.

ఒక చలికాలం ఆ అడవికి మంచుదేశం నుంచి కొంగలు వచ్చాయి. ఎండలు ముదరగానే అన్నీ తిరిగి వెళ్ళిపోయాయి, ఒక్క ధవళం గారు తప్ప. ఆయన పళ్ళ డాక్టరు. ముక్కు పనికి తగ్గట్టు పొడుగు. అడవిలో పుచ్చిపళ్ళకు కొదవ లేదు. వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద ప్రాక్టీసు పెట్టి స్థిరపడిపోయాడు.

ఆ ఏడు పులికి దవడపన్ను పుచ్చింది. అక్కడ పులిని పులి అనరు, పెద్దాయన అంటారు. పెద్దాయన మూడు నెలలు కప్పలు చప్పరించి బతికాడు. ఆ మూడు నెలలూ దుప్పులు కడుపునిండా మేశాయి. చుక్కమ్మ అనే దుప్పికి ఆ రోజుల్లోనే ఆడపిల్ల పుట్టింది. ముత్యాలు అని పిలుచుకుంది. అంతకుముందు ఇద్దరు పుట్టారు. వాళ్ళ సంగతి చుక్కమ్మ ఎవరితోనూ మాట్లాడదు.

తర్వాత ధవళం గారు పెద్దాయన పన్ను బాగుచేశాడు.

బాగుచేశాక ఆయనకు దిగులు పట్టుకుంది. ఈ అడవిలో ఇంత భయం దేనికి? చదువు లేకపోవడం వల్లే. ఆయన పుట్టిన సరస్సు దగ్గర అందరూ చదువుకున్నవాళ్ళే, అక్కడ ఒక్క పులీ లేదు. ఈ రెంటికీ సంబంధం ఉందని ఆయన మనసారా నమ్మాడు. శాంతి విద్యా సమితి అలా పుట్టింది. ఏ మాటకైనా తల ఊపే అడవిపంది దానికి అధ్యక్షుడు. పెద్దాయన ముఖ్య పోషకుడు.

బడిలో మొదటి పాఠం: పులి మన శత్రువు కాదు, మనకు సరిగా పరిచయం కాని పొరుగువాడు.

రెండో పాఠం: పులిని చూసి అరవకూడదు. ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. చెట్టు మీది కొండముచ్చు పులిని చూస్తే దగ్గుతుంది. కింద మేసే దుప్పి చూస్తే కూవ్‌మని అరుస్తుంది. ధవళం గారి లెక్కలో అది తిట్టు. ఒకాయన తన దారిన తాను పోతుంటే నలుగురికీ వేలెత్తి చూపించి అరవడం ఏం సంస్కారం అన్నాడు. బడి పరిసరాల్లో అరుపు నిషేధం. తరతరాలుగా కాపలా కాసే ముసలి కొండముచ్చు కోటయ్యకు దగ్గు జబ్బని తేల్చి, బుగ్గలో తానికాయ ముక్క పెట్టి పంపాడు.

“బాగానే పనిచేస్తోంది చెల్లీ,” అన్నాడు కోటయ్య చుక్కమ్మతో. “నిన్న పెద్దాయన నా చెట్టు కిందే పడుకున్నాడు. ఒక్క దగ్గు వస్తే ఒట్టు.”

ముత్యాలు చదువులో చురుకు. బెదరకుండా నిలబడటంలో మొదటి ర్యాంకు. ఆకు రాలినా చెవి తిప్పదు. తక్కిన తల్లులు చుక్కమ్మను చూసి అసూయపడ్డారు. వార్షికోత్సవం నాడు పెద్దాయన మెడలో మోదుగుపూల దండ వేసే భాగ్యం ముత్యాలుదేనని సమితి ప్రకటించింది.

చుక్కమ్మ ఆ రోజే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఒక మాట అడిగింది.

“పాఠాలు పెద్దాయనకి కూడా చెప్పారా?”

ధవళం గారు నొచ్చుకున్నాడు. “ఆయన పోషకులమ్మా. పోషకులకి పరీక్ష పెడతామా?”

వార్షికోత్సవం మిట్టమధ్యాహ్నం మొదలైంది. రాతిబండే వేదిక. ముత్యాలు దండ పట్టుకుని బండ మీద నిలబడింది. పెద్దాయన రాలేదు. గొప్పవాళ్ళకు ఆలస్యం సహజమని పంది సర్దిచెప్పి, వందన సమర్పణ ముందే చదివేశాడు.

చుక్కమ్మ సభను చూడలేదు. బండ వెనక రెల్లుగడ్డిని చూస్తోంది. గాలి లేదు. గడ్డి ఒక్కచోటే కదిలింది. అందులో తోక కొస ఒకసారి ఇటు, ఒకసారి అటు ఆడింది.

చుక్కమ్మ కూవ్‌మని అరిచింది.

సభ మొత్తం వెనక్కి తిరిగి చూసింది, ఇంత నాగరికత లేనిదెవరా అని. ముత్యాలు సిగ్గుతో తల దించుకుంది.

పెద్దాయన గడ్డిలోంచి మెల్లగా లేచి నిలబడ్డాడు. కంటబడిన పులి దూకదు. దూకి లాభం లేదని దానికి తెలుసు. ఆ అరుపు దుప్పులు పరుగెత్తడానికే కాదు, నిన్ను చూశామని పులికి చెప్పడానికి కూడా. ఈ సంగతి అడవిలో పసిపిల్లలకు కూడా తెలుసు. డాక్టరు గారికి ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు.

తాను రెల్లుగడ్డి వాసన చూస్తున్నానని, తన జన్మలో ఇంత అవమానం ఎరగనని పెద్దాయన అన్నాడు. దండ వేయించుకోకుండానే వెళ్ళిపోయాడు.

విచారణ అక్కడికక్కడే జరిగింది.

“చూశాను. అరిచాను,” అంది చుక్కమ్మ.

“చూస్తే చూశావు. అరవడం దేనికి?” అన్నాడు పంది.

శాంతిభంగం నేరానికి ఆరు నెలలు ఒకటో తరగతిలో కూర్చోవాలని శిక్ష వేశారు. చుక్కమ్మ మర్నాడే వెళ్ళి పసిపిల్లల మధ్య, గడ్డివైపు అంచున కూర్చుంది.

“అమ్మా, నువ్వు నాకు తెలీనట్టు ఉండు,” అని ముత్యాలు బతిమాలింది.

డాక్టరు గారు పొరుగువాడి పాఠం చెబుతుంటే, చుక్కమ్మ గడ్డిని చూస్తూ వల్లెవేసేది. నాలుగో రోజు మళ్ళీ అరిచింది. ఇంకో ఆరు నెలలు పడింది.

తక్కిన తల్లులు ఇది గమనించారు. ఒకరోజు ప్రార్థన మధ్యలో ఒకామె లేచి, ఏమీ లేకపోయినా కూవ్‌మంది. ఆమెకూ శిక్ష పడింది. మర్నాడు ఇద్దరు. నెల తిరిగేసరికి నలభైమంది తల్లులు బడికి నాలుగువైపులా చెవులు నిక్కించి కూర్చున్నారు. వయోజన విద్య ఇంత ఊపందుకోవడం ఎక్కడా చూడలేదని ధవళం గారు తన సరస్సుకు ఉత్తరం రాశాడు. పోషకులు చిక్కిపోయారని, అది సంస్కారం వల్లేనని కూడా రాశాడు.

ఒక ఉదయం చుక్కమ్మకు కునుకు పట్టింది. గడ్డి కదిలింది. ఆమె చూడలేదు.

ముత్యాలు చూసింది. అరిచింది.

పిల్లకు మొదటి ర్యాంకు పోయింది. తల్లీకూతుళ్ళు ఇప్పుడు ఒకే బల్ల.

నీతి: శాంతి నిలవాలంటే, దాన్ని భంగపరిచేవాళ్ళు నలుగురు మేలుకొని ఉండాలి.