కూర్చునే రిహార్సల్

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు రెండు ఖండాల క్లబ్ చాంపియన్లు తలపడబోయే మహా ఫుట్‌బాల్ మ్యాచ్‌కు మా అయిదంతస్తుల భవనం సర్వసన్నద్ధంగా ఉన్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. జట్లు సన్నద్ధంగా ఉన్నాయో లేదో తెలియదు. అది వాళ్ల సొంత విషయం.

ఎవరు ఏ జట్టు అభిమానులో తేల్చడం మొదట్లో కాస్త కష్టమైంది. రెండు జట్ల పేర్లకూ ఎవరికీ నోరు తిరగలేదు. చివరికి చీటీలు వేస్తే సరి అంతస్తులకు ఒక ఖండం, బేసి అంతస్తులకు మరో ఖండం వచ్చాయి. చీటీ విప్పిన అయిదో నిమిషానికే, తాతల నాటి పగ ఏదో గుర్తొచ్చినట్టు అందరికీ రక్తం ఉడికిపోయింది. మూడో అంతస్తు పళ్ల డాక్టరు, నాలుగో అంతస్తు నుంచి వచ్చిన రోగి చేత నోరు తెరిపించి, "మా గోల్‌కీపర్ని ఏదో అన్నావట?" అని అడిగి, జవాబు రాకముందే డ్రిల్లు పెట్టాడు. రెండో అంతస్తు పెద్దావిడ, అయిదో అంతస్తులో కాపురముంటున్న సొంత కూతురితో మాటలు మానేసింది. "పెళ్లయ్యాక ఆడపిల్ల పరాయి ఖండానిదే" అని కళ్లొత్తుకుంది.

ఈ మహత్కార్యానికి సారథి మా భవన సంఘాధ్యక్షులు, నాలుగో అంతస్తు పెద్దగుమాస్తా గారు. బీమా కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా సంతకాలు పెడుతున్నారు. చదివి సంతకం పెట్టడం కిందివాళ్ల లక్షణమని ఆయన నమ్మకం. ఫుట్‌బాల్‌తో ఆయనది గాఢమైన అనుబంధం. చిన్నప్పుడు ఒకసారి బంతి వచ్చి కళ్లజోడు మీద పడింది.

"సోదర సోదరీమణులారా!" అన్నారాయన మొదటి సమావేశంలో. "చూడడమంటే చిన్న విషయం కాదు. ఆడేవాళ్లు ఇరవై రెండు మంది. చూసేవాళ్లం కోట్లమందిమి. బరువు ఎవరి మీద ఎక్కువుందో మీరే చెప్పండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు పెద్దలు. అందుకే మనం రెండు సముద్రాల అవతలి నుంచి ఆట తెప్పించుకుంటున్నాం. శనివారం నాలుగు గంటలకు మన సంఘం హాల్లో కూర్చునే రిహార్సల్. పాత మ్యాచ్ ఒకటి వేస్తాం. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు అరవాలి, ఎప్పుడు తల పట్టుకోవాలి, అన్నీ ఆ రోజే తేలిపోవాలి."

చప్పట్లు కూడా రిహార్సల్లో భాగమేనా అని ఎవరో అడిగారు. ఆ అంశం వాయిదా పడింది.

పెద్దగుమాస్తా గారికి పదమూడేళ్ల కూతురుంది. బడి జట్టుకు గోల్‌కీపరు. అదే శనివారం, అదే నాలుగింటికి, మా భవనం వెనక మైదానంలో పక్క బడితో వాళ్లకు పోటీ. గెలిచిన జట్టు పై పోటీలకు వెళ్తుంది. తండ్రి సంతకం లేనిదే ఆడనివ్వరు. ఆ అనుమతి పత్రం పట్టుకుని పిల్ల వారం రోజులుగా ఆయన వెనకే తిరుగుతోంది.

"నాన్నా, ఒక్క సంతకం!"

"ఫుట్‌బాల్ పనిలో ఉన్నానమ్మా, కనిపించట్లేదూ?"

"ఇదీ ఫుట్‌బాలే కదా నాన్నా."

"అది పిల్లల ఆట తల్లీ. ఇది ఫుట్‌బాల్."

పిల్ల తల్లి రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. సూది గుచ్చిన సంగతి తెలియకుండా రక్తం తీయడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. శుక్రవారం పొద్దున ఆ పత్రాన్ని సంఘం ఫైల్లో, దిండ్ల కేటాయింపుకూ లిఫ్టు నిబంధనలకూ మధ్య దూర్చింది. ఆయన ఒక చేత్తో కాఫీ తాగుతూ మరో చేత్తో పద్నాలుగు సంతకాలు పెట్టి, "ఈ భవనం నా భుజాల మీద నడుస్తోందే!" అని లేచారు.

శనివారం మూడున్నరకు మైదానం గేటుకు తాళం వేసి ఉంది. రెండు జట్ల పిల్లలూ బయట నిలబడ్డారు. కాపలాదారు ఒక చేతిలో పిల్ల అనుమతి పత్రం, మరో చేతిలో సంఘం పంపిన కాగితం పట్టుకుని అయోమయంగా చూస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఆడించమనేదీ ఆయనే, అడ్డుకోమనేదీ ఆయనే! సంతకాలు చూస్తే అచ్చు గుద్దినట్టున్నాయి."

కూతురి వెంట వచ్చిన తల్లి ఆ రెండో కాగితం తీసుకుని చదివింది. ఆ ఇంట్లో కాగితాలు చదివేది ఆవిడే. "రిహార్సల్ వేళ పిల్లల అరుపుల వలన మా ఏకాగ్రతకు భంగం కలుగును గనుక సదరు అరుపులను నివారించగలరు. అవసరమైనచో గేటు మూసివేయగలరు."

"ఇందులో తప్పు అరుపులదే కదన్నా? అరవకుండా ఆడతారు. ఇక తాళంతో ఏం అవసరం?"

కాపలాదారు ఆ కాగితం తిరిగి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క అరుపు వినిపించినా మూసేస్తాను మరి" అని తాళం తీశాడు.

ఆ విధంగా మా మైదానంలో మూగ ఫుట్‌బాల్ జరిగింది. రిఫరీ ఈల బదులు జేబురుమాలు ఊపాడు. మా బడి గోల్ కొట్టినప్పుడు పదకొండు మంది పిల్లలు నోళ్లు చేతులతో మూసుకుని గంతులేశారు. మైదానం వైపు మా హాలుకు ఒక పెద్ద కిటికీ ఉంది. వెలుతురు పడి టీవీ సరిగ్గా కనిపించదని దానికి మందపాటి కర్టెన్ వేశారు.

ఆఖరి నిమిషంలో పక్క బడికి పెనాల్టీ దొరికింది. అది పడితే మ్యాచ్ సమం. బంతి కుడి మూలకు దూసుకొచ్చింది. పిల్ల గాల్లోకి లేచి, వేళ్ల చివర్లతో దాన్ని బయటికి నెట్టి, మోకాళ్ల మీద పడింది.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి మిన్ను విరిగినట్టు హర్షధ్వానాలు! పదేళ్ల నాటి గోల్ ఒకటి పడే వేళకు అందరూ ఏకకాలంలో లేచి అరవడం చక్కగా కుదిరింది. పిల్ల తలెత్తి కిటికీ వైపు చూసింది. రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

"నాన్న చూశారమ్మా!"

"ముందు మోకాలు కడుక్కో, రక్తం కారుతోంది" అంది తల్లి.

పిల్ల వినలేదు. మట్టి బూట్లతోనే హాల్లోకి పరుగెత్తింది. పెద్దగుమాస్తా గారు ముగింపు ఉపన్యాసంలో ఉన్నారు. "రిహార్సల్ దిగ్విజయం! ఒక్కటే వెలితి. మన పిల్లల్లో ఒక్కరైనా ఆ స్థాయికి ఎందుకు ఎదగడం లేదు? దీని మీద ఉపసంఘం వేద్దాం." వెనక తెర మీద పాత గోల్ మళ్లీ చూపిస్తున్నారు. పిల్ల ఆయాసపడుతూ వచ్చి తెర ముందు నిలబడింది. చీటీలు వేసిన తర్వాత మొదటిసారిగా సరి అంతస్తులూ బేసి అంతస్తులూ ఒక్క గొంతుతో, "అడ్డం లే!" అన్నాయి.

"పక్కకు జరగమ్మా" అన్నారు తండ్రి, ఎంతో ముద్దుగా. "ఫుట్‌బాల్ కనిపించట్లేదు."

ఉపసంఘంలో ఇంకా రెండు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. అర్హతలు: ఒక పెద్ద టీవీ, ఒక మూసిన కిటికీ. మీ ఇంట్లో రెండూ ఉండే ఉంటాయి.