చివ్వెంల కాడ గాలి

ఆ ఆదివారం పొద్దున యాకోబు వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఫట్‌ఫటి మోటారు సైకిలు ఎక్కి సూర్యాపేటలో బయలుదేరాలి, ఆరాధన మొదలయ్యే వేళకు కోదాడ చేరాలి, కూతురికి పేరు చెప్పాలి. ఇందులో తప్పిపోవడానికి ఏమీ లేదని అతను గట్టిగా నమ్మాడు.

యాకోబు సూర్యాపేట మిషను దవాఖానలో కంపౌండరు. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన పిల్ల. భార్య సుగుణ పిల్లతో కోదాడలో తల్లిగారింట్లో ఉంది. ఆ రోజే బాప్తిస్మం. అందుకోసం పాస్టరు అబ్రహాం అయ్యగారు మిర్యాలగూడ నుంచి వస్తున్నారు. మళ్లీ ఎప్పుడు వస్తారో ఆయనకే తెలియదు. యాకోబు పిల్లకు శాంతమ్మ అని తన తల్లి పేరు పెట్టుకోవాలనుకున్నాడు. ఆవిడ కూలికి పోయి, తాను గంజి తాగి, కొడుకును చదివించింది. మనవరాలి మొహం చూడకుండానే పోయింది.

అత్తగారు పిచ్చమ్మకు మాత్రం తన పేరే నిలవాలని ఉంది. "తండ్రి వేళకొచ్చి చెప్తే వాళ్లమ్మ పేరు. రాకపోతే నా పేరు. అయ్యగారిని గుళ్లో నిలబెట్టి కాచుకోమంటామా ఏంటి?" అని ముందుగానే కబురు పెట్టింది. పిచ్చమ్మ అన్న మాట తప్పే మనిషి కాదు.

పోలీసు యాక్షను జరిగిన మరుసటి ఏడాది, చలికాలం మొదట్లో సంగతి ఇది. పెట్రోలు చీటీల మీద కొలిచి పోసే రోజులు. యాకోబు బండి యుద్ధంలో తిరిగిన మిలిటరీ ఫట్‌ఫటి. దవాఖాన డాక్టరు దొర తన దేశం వెళ్లిపోతూ, నమ్మకంగా పనిచేసినందుకు దాన్ని అతనికి ఇచ్చి పోయాడు. ఇచ్చినప్పుడు బాగానే నడిచేది. రాను రాను గ్యాలను పెట్రోలుకు అది నడిచే మైళ్లు తరిగిపోతూ వచ్చాయి. యాకోబుకు నిద్ర కూడా తరిగిపోయింది. చివరికి మోటారు షెడ్డు మేస్త్రీని అడిగాడు.

"తాగనీకి సవాలక్ష కారణాలుంటయ్ సారూ," అన్నాడు మేస్త్రీ. "చక్రంల గాలి తక్కువైతే తాగుతది. ఎదురుగాలికి తాగుతది. బ్రేకు పట్టుకున్నా తాగుతది, ఉరికిస్తే తాగుతది. బరువేస్తే ఇంక జెప్పనే వద్దు."

వీటిలో యాకోబు మనసుకు ఎక్కింది బరువు ఒక్కటే. గాలి కంటికి కనపడదు, బరువు కనపడుతుంది. వెనుక సీటు పీకేశాడు, సామాన్ల పెట్టె విప్పేశాడు. హారను కొడితే పెట్రోలు ఖర్చవుతుందేమోనని నోటితోనే "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరవడం మొదలుపెట్టాడు. ఆ ఆదివారం తాను కూడా బరువే కదా అని పొద్దుటి జొన్నరొట్టె మానేశాడు. ఆఖరున బండికి తగిలించి ఉన్న గాలి పంపును ఊడదీసి, చేత్తో తూచి చూసి, గోడ మేకుకు వేలాడదీశాడు. దానితో రెండు మైళ్లు కలిసి వస్తాయని సంతోషించాడు.

చివ్వెంల పొలిమేరలో బండి మూలగడం మొదలుపెట్టింది. తూర్పు నుంచి ఎదురుగాలి కొడుతోంది. దిగి చూస్తే వెనుక చక్రం సగానికి అణిగిపోయి ఉంది. తుమ్మపుల్ల ట్యాంకులో ముంచి చూశాడు. కోదాడకు సరిపోతుందనుకున్న పెట్రోలు కాస్తా అడుగంటుతోంది. ఇలా అణిగిన చక్రంతో నడిపితే సగం దారిలో ఆగిపోవడం ఖాయం. గాలి నింపాలి. పంపు ఇంటి దగ్గర గోడకు ఉంది.

అప్పుడే సూర్యాపేట నుంచి కోదాడ బస్సు వచ్చింది. లోపల కాలు పెట్టే సందు లేదు, పైన కూడా మనుషులే. అది యాకోబు కోసం ఆగలేదు, అడ్డం వచ్చిన గొర్రెల మందకు దారివ్వడానికి నెమ్మదించింది. కిటికీలో పిచ్చమ్మ పొరుగింటి మత్తయ్య కనపడ్డాడు. ఆయనకు చెవులు కొంచెం మందం.

"మత్తయ్య మామా!" యాకోబు బస్సు వెంట పరుగెత్తాడు. "మా అత్తమ్మకు జెప్పు! చివ్వెంల కాడ ఆగిన! గాలి పట్టియ్యాలె, జర ఆలస్యమైతది! నేనొచ్చేదాంక పిల్లకు పేరు పెట్టొద్దను!"

మత్తయ్య అంతా అర్థమైనట్టు తల ఊపాడు. బస్సు పొగ వదిలి వెళ్లిపోయింది.

మిగిలింది గొర్రెలు, వాటిని తోలుకొచ్చిన బక్కయ్య. "అన్నా, మీ ఊళ్లె గాలి పట్టేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు యాకోబు.

"గాలి పట్టేటోళ్లెందుకుంటరయ్యా! పట్టిన గాలిని దించే ఆమె ఉన్నది, మా రంగవ్వ. ఎవరికి పట్టింది?"

"ఎవరికేందే, బండికి!"

బక్కయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఒరిగి నిలబడ్డ బండిని, తలపాగా జారిన యాకోబును మార్చి మార్చి చూశాడు. సైకిలు పంపు దొరుకుతుందా అని యాకోబు అడిగేసరికి గొర్రెలు మాత్రమే వింటున్నాయి. బక్కయ్య ఊళ్లోకి ఉరికాడు.

రంగవ్వ వేపమండలతో, బిందెడు నీళ్లతో వచ్చింది. వెనుక సగం ఊరు వచ్చింది. ముసలామె బండి చుట్టూ తిరిగి, యాకోబు నెత్తి మీద కూడా వేపమండలు ఆడించి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఎప్పటి సంది గిట్లున్నది?"

దవాఖానలో రోజూ తాను అడిగే ప్రశ్నే కాబట్టి యాకోబు అలవాటుగా జవాబు చెప్పాడు. "నిరుడు మంచిగుండె అవ్వా. ఇప్పుడు నడవది, మూల్గుతది."

"ఏమన్న తాగుతదా?"

"గదే గద నా పరేషాన్! తాగుడే తాగుడు. ఎంత పోసినా సాల్తలేదు."

"నీ కన్న ముందుగాల ఎవరి దగ్గరుండె?"

"మిలిటరీల. యుద్ధంల తిరిగింది."

రంగవ్వ కళ్లు మూసి తెరిచింది. "సచ్చిన సిపాయి పట్టిండు. ఉత్త తాగుబోతోడు," అని తేల్చింది. జనమంతా అవునవునన్నారు. యాకోబుకు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వు వచ్చింది, ఆపుకోలేక కళ్లు మూసుకుని నవ్వాడు. అది సిపాయి నవ్వేనని అందరికీ రూఢి అయింది.

"వాని తాగుడు వానికి నేల మీద పొయ్యుండ్రి, ఇడిసి పోతడు," అంది రంగవ్వ.

యాకోబు కళ్లు తెరిచేసరికి బక్కయ్య ట్యాంకు మూత తీసి, మరో ఇద్దరితో కలిసి బండిని పడుకోబెట్టాడు. "వద్దు! వద్దు! అది పెట్రోలు!" అని అతను మీద పడేలోపే చివ్వెంల మట్టి ఉన్నదంతా తాగేసింది. ఇప్పుడు బండిలో గాలీ లేదు, పెట్రోలూ లేదు.

యాకోబు రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. కోదాడలో ఈపాటికి పాట అయిపోయి ఉంటుంది. అమ్మ పేరు నిలపలేకపోయాడు, అదీ ఓ పంపు బరువు చూసుకుని. ఆ ఏడుపు చూసి రంగవ్వ తన కొంగుతో అతని మొహం తుడిచింది. "ఏడువకు కొడుకా, సిపాయి పోయిండు. ఏమన్న తిన్నవా?" అంది. తినలేదని తల ఊపగానే ఎవరో ముంతలో అంబలి తెచ్చారు. ముక్కూ మొహం తెలియని ఊరు తన కోసం పనులు మానుకుని నిలబడిందని అప్పుడు గానీ అతనికి తోచలేదు. పెట్రోలు పోయిన కోపం అంబలితో పాటే లోపలికి దిగిపోయింది.

అక్కడ కోదాడలో మత్తయ్య బస్సు దిగి తిన్నగా గుడికి నడిచాడు. "పిచ్చమ్మా, మీ అల్లుడికి చివ్వెంల దగ్గర గాలి పట్టింది. పిల్లకు పేరు పెట్టొద్దని అరుస్తా బస్సు వెంట పడ్డాడు," అన్నాడు.

"అయ్యో నా తండ్రీ!" పిచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. "బంగారం లాంటి పిల్లోడు! పాడు పేరు కోసం నేనే వేపుకు తిన్నాను. ప్రభువా, అల్లుణ్ణి నాకు దక్కించు. అతనికిష్టమైన పేరే పెట్టుకోనీ!"

అదే బస్సు తిరిగి వెళ్లేటప్పుడు అందరూ ఎక్కారు. పిల్లతో సుగుణ, చెప్పులు మరిచిపోయిన పిచ్చమ్మ, సాక్ష్యం చెప్పడానికి మత్తయ్య, బైబిలుతో అబ్రహాం అయ్యగారు. ఊరూరా తిరిగే అయ్యగారు సైకిలును వదిలి ఎక్కడికీ పోరు కనుక, అది కూడా బస్సు మీదికి ఎక్కింది.

చివ్వెంలలో దిగినవాళ్లకు కనపడింది ఇది: బండి పడుకుని ఉంది, చుట్టూ ఊరంతా ఉంది, మధ్యలో యాకోబు నెత్తి మీద వేపాకులతో, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో మరో ముంత అంబలి తాగుతున్నాడు. ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

పిచ్చమ్మ రాళ్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది. "నాయనా, నేనెవర్నో గుర్తుపట్టావా?"

"అత్తమ్మా! మీరొచ్చిండ్రేంది!"

"గుర్తుపట్టాడు! దేవా, నీకు స్తోత్రం!"

అయ్యగారు అతని తల మీద చెయ్యి వేసి గంభీరంగా అడిగారు. "నీ పేరేమిటి?"

"యాకోబునే అయ్యగారూ! నాకేం గాలి పట్టలే. బండికి గాలి పట్టియ్యాలె. చక్రంల!"

అయ్యగారు వంగి చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశారు. తర్వాత మత్తయ్య వైపు చూశారు. మత్తయ్య గొర్రెల వైపు చూశాడు. అయ్యగారు సైకిలు పంపు తీసి యాకోబు చేతిలో పెట్టారు. నవ్వు ముందు సుగుణ దగ్గర మొదలై, రంగవ్వ దాకా పాకింది.

"తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, పిల్ల ఉంది. మళ్లీ కోదాడ దాకా ఎందుకు?" అన్నారు అయ్యగారు. "నీళ్లు ఉన్నాయా?"

రంగవ్వ బిందె ముందుకు జరిపింది. "బాయి నీళ్లేనయ్యా. ఇంకేం మంత్రించలె. సిపాయి ముందుగాలనే పోయిండు."

అయ్యగారు పిల్లను ఎత్తుకుని, పేరు చెప్పమన్నారు. యాకోబు నోరు తెరిచాడు. అత్తగారి పాదాలు కనపడ్డాయి, ఒక వేలు చితికి రక్తం కారుతోంది. తన పేరు నిలబెట్టుకోవడానికి ఊరికే కూర్చుంటే చాలు ఆవిడకు. కూర్చోకుండా వచ్చింది. అమ్మ ఉన్నా ఇలాగే వచ్చేదని అతనికి తోచింది.

"పిచ్చమ్మ అని పెట్టుండ్రి, అయ్యగారూ," అన్నాడు.

పిచ్చమ్మ గుండె బాదుకుంది. "అయ్యగారూ, గాలి ఇంకా దిగలేదు! శాంతమ్మా శాంతమ్మా అని మా ప్రాణాలు తీసిన మనిషి నోట ఇదేం మాట! శాంతమ్మేనండీ పిల్ల పేరు, తొందరగా కానివ్వండి!"

అయ్యగారు తొందరగానే కానిచ్చారు. శాంతమ్మ నీళ్లు పడగానే కెవ్వుమంది, చివ్వెంల చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఫట్‌ఫటి ఎడ్లబండి వెనుక కట్టించుకుని సూర్యాపేట చేరింది. చుక్క పెట్రోలు తాగకుండా అది అంత దూరం నడవడం అదే మొదలు. తర్వాత చివ్వెంల మీదుగా వెళ్లినప్పుడల్లా యాకోబు రంగవ్వ మోకాళ్లకు మందు సీసా, ఊరి పిల్లలకు బెల్లం ముద్ద బండి మీద కట్టుకుని పోయేవాడు, ఆ బరువుకు ఎన్ని మైళ్లు తగ్గాయో ఎన్నడూ చూసుకోలేదు. పంపు కూడా మళ్లీ బండెక్కింది.

ఎప్పుడన్నా ఆ పంపు పాడైతే మాత్రం, ఏ ఊళ్లో ఆగినా అతను బండికి హవా కొట్టించేవాడే గాని, గాలి మాట ఎత్తేవాడు కాదు.