పాత కుర్చీకి ఉన్న భద్రత

మీరు కదలకుండా, మిమ్మల్ని ఎవరూ కదపకుండా, నిశ్చింతగా బతకాలనుకుంటున్నారా? అయితే ఆలస్యం చెయ్యకండి. మా లాస్ట్ మ్యూల్‌కి వచ్చి తుప్పు పట్టండి!

వేళాకోళం కాదు. నలభై ఒక్క ఏళ్ళుగా ఈ ఎడారిలో కాపురమున్న మనిషిని, బాధ్యతగా చెబుతున్నాను. పాడైపోయిన వస్తువుకి ఇంత మర్యాద, ఇంత రక్షణ మీకు ఇంకే ఊళ్ళోనూ కనిపించవు.

ఊరి పేరులోనే ఉంది కదా! గనులు తవ్వే కాలంలో ఇక్కడ ఎవరిదో కంచరగాడిద తప్పిపోయిందట. జనం దాన్ని వెతకలేదు. దాని పేరు మాత్రం ఊరికి పెట్టుకున్నారు. మా ఊరి స్వభావం ఆ రోజే ఖాయమైపోయింది.

కొండల దగ్గర నేషనల్ పార్క్ ఉంది. అక్కడ రాయి ముట్టుకోకూడదు, పువ్వు కోయకూడదు, తాబేలు రోడ్డు దాటుతుంటే కారు ఆపుకుని కూర్చోవాలి. మంచి పద్ధతే. ఆ మంచి పద్ధతి మెల్లగా గేటు దాటి మా ఊళ్ళోకి పాకింది. నగరాల నుంచి కళాకారులు వచ్చారు, వాళ్ళ వెనక కెమెరాలు వచ్చాయి, వాటి వెనక లాస్ట్ మ్యూల్ కళా సంరక్షణ సంఘం వచ్చింది. సంఘం వారి మొదటి నియమం ఇది: కళాకృతిగా నమోదైన వస్తువుని కదపరాదు, తుడవరాదు, బాగుచెయ్యరాదు.

పెట్రోలు బంకు ఎల్వుడ్ తన వాషింగ్ మెషీన్‌ని పాత ఇనుము బండికి వేద్దామని బయట పెట్టాడు. బండి రావడం రెండు రోజులు ఆలస్యమైంది. ఈలోగా అది కళాకృతి అయిపోయింది! దాని పేరిప్పుడు ‘శూన్య గర్భం’. దానికి కావలసిందల్లా ఒక రబ్బరు బెల్టేనని ఎల్వుడ్‌కి తర్వాత తెలిసింది. కానీ బాగుచెయ్యకూడదు కదా? పాపం, ఉతకాల్సిన బట్టలు మూటగట్టుకుని నలభై మైళ్ళు వెళ్ళి వస్తున్నాడు. దారిలో శూన్య గర్భానికి ఓ నమస్కారం పెట్టి మరీ వెళతాడు, నోటితో మాత్రం వేరే ఏదో అంటాడు.

మా వీధి మలుపులో ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఆరేళ్ళ కిందట పదకొండు ఫ్రిజ్‌లు ఒకదాని మీద ఒకటి, పక్కపక్కన, గోడలా నిలబెట్టారు. కృతి పేరు ‘ఉపవాసం’. జులై ఎండలో దాని నీడన నిలబడి జనం ఫోటోలు తీసుకుంటారు. పదకొండు ఫ్రిజ్‌లు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ చల్లటి నీళ్ళ సీసా లేదు!

నా సంగతి మాత్రం? ఒకసారి పెద్ద టోపీ పెట్టుకున్న ఒకాయన నా బట్టల దండెం ముందు పావుగంట నిలబడ్డాడు. ఈ రచన ఏం చెబుతోందండీ అని అడిగాడు. అవి నా నైట్‌గౌన్లు, ఎండుతున్నాయి అన్నాను. ఆ మాట శ్రద్ధగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఇంత గౌరవం దొరికే చోట ఫిర్యాదు చేసేవాళ్ళకి బుద్ధి లేదని నా అభిప్రాయం.

ఇక ఓర్ఫా సంగతి. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పందొమ్మిదేళ్ళుగా మా ఎదురింట్లో అద్దెకుండేది. వరండాలో ఆమెకో మడత కుర్చీ ఉంది, అల్యూమినియం కాళ్ళు, పచ్చటి నైలాను పట్టీలు. రోజూ పొద్దున్న ఆరింటికి కాఫీ కప్పు పట్టుకుని అందులో కూర్చునేది. నేను వెళితే మెట్ల మీద కూర్చోవాల్సిందే. “దాని ఎడమ కాలు వంకర. ఎలా కూర్చోవాలో నా పిర్రలకే తెలుసు,” అనేది. ఇంకొకర్ని కూర్చోనిచ్చేది కాదు.

రోజూ ఏం చూస్తావే అంతసేపు అని అడిగితే, కొండలు అనేది. పందొమ్మిదేళ్ళూ అదే జవాబు. నాకు ఒళ్ళు మండేది. మెట్ల మీద నుంచి నేనూ చూశాను. అవి కొండలే. ఎక్కడికీ పోవు. కాపలా కాయడం దేనికి?

అసలు పొరుగువాళ్ళంటేనే ఒక ఇబ్బంది. పిలవకుండా వస్తారు. పోయిన జనవరిలో నేను స్నానాల గదిలో జారిపడ్డాను. లేవలేక చల్లటి గచ్చు మీద అలాగే ఉండిపోయాను. ఏడున్నర కాకుండానే ఓర్ఫా తలుపు బాదింది, తన దగ్గరున్న తాళంచెవితో తెరుచుకుని లోపలికి వచ్చేసింది. ఏమిటింత పొద్దున్నే అంటే చక్కెర కోసం వచ్చానంది. చేతిలో గిన్నె లేదు. పైగా ఆమెకి డయాబెటిస్, పదేళ్ళుగా చక్కెర ముట్టదు! అంబులెన్సు ఎక్కించేటప్పుడు కూడా నేను అదే అడిగాను, నీకు చక్కెర దేనికే అని.

“నోరు మూసుకుని పడుకో,” అంది.

మార్చిలో ఇంటి యజమాని ఆ ఇల్లు కెండ్రా అనే అమ్మాయికి అమ్మేశాడు. నగరం పిల్ల, మంచి పిల్ల. పార్కు చూడ్డానికి వచ్చేవాళ్ళకి రెండేసి రోజులు ఇల్లు ఇస్తుందట. ఓర్ఫా మే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఊళ్ళో ఇంకో ఇల్లు చూసుకోవచ్చు కదా అంటారా? ఎంత అమాయకులండీ మీరు! మా ఊళ్ళో అద్దెకిచ్చే ఇళ్ళన్నీ ఆ రెండు రోజుల చుట్టాలకే. ఓర్ఫాకి మిగిలింది ఒక్కటే, ఎక్కడో దూరాన నెబ్రాస్కాలో చెల్లెలి కూతురింట్లో కుట్టుమిషను గది.

వంటింట్లో గ్యాస్ కట్టేశానో లేదో రెండోసారి చూడబోయినప్పుడు నాకు తట్టింది. ఎల్వుడ్ వాషింగ్ మెషీన్‌నే కదపకూడదన్నప్పుడు, ఓర్ఫాని ఎలా కదుపుతారు?

వెంటనే సంఘం వారి దరఖాస్తు తెచ్చాను. నేను బడిలో చదివింది తక్కువ, లైబ్రరీ వ్యాన్ తెచ్చిన పుస్తకాలే నా చదువు. అయినా ఇద్దరం మెట్ల మీద కూర్చుని పూర్తి చేశాం. కృతి పేరు: ‘కొండల వైపు చూస్తున్న స్త్రీ’. సామగ్రి: ఓర్ఫా ఒకటి, కుర్చీ ఒకటి, కప్పు ఒకటి, అందులో కాఫీ. పొడవు రాశాం. వెడల్పు దగ్గర గొడవ వచ్చింది. “కుర్చీ వెడల్పు రాయి. నేను అందులో పడతాను కదా,” అంది ఓర్ఫా. పడుతుందన్నది నిజమే గానీ, పట్టీల అభిప్రాయం కూడా అడగాలన్నాను. పెన్ను లాక్కుంది.

చివర్లో ‘శాశ్వతమా, తాత్కాలికమా?’ అని ఉంది. ఆ గడి నేనే నింపాను. శాశ్వతం అని, పెద్ద అక్షరాలతో.

విచారణ కమ్యూనిటీ హాల్లో జరిగింది. సంఘం అధ్యక్షుడు థాడియస్. శిల్పి, సున్నితమైన మనిషి, పదకొండు ఫ్రిజ్‌లు ఆయనవే. ఓర్ఫా చర్చికి వెళ్ళేటప్పటి నీలం గౌను వేసుకుని, కుర్చీ తానే మోసుకొచ్చి, సభ్యుల ఎదురుగా కూర్చుంది. చేతిలో కప్పు. ఒకావిడ చుట్టూ తిరిగి చూసి వచ్చింది.

ఈ కృతి కాలక్రమంలో పాడయ్యే అవకాశం ఉందా అని ఒక సభ్యుడు నన్ను అడిగాడు. ఓర్ఫాయే జవాబు చెప్పింది. “అవుతోంది నాయనా, చూస్తున్నావుగా.”

కృతి ఏం చెప్పదలచుకుంది అని ఇంకొకాయన అడిగాడు.

“ఆకలేస్తోంది అని,” అంది ఓర్ఫా.

అందరూ నవ్వారు. గెలిచామనుకున్నాను. అప్పుడు థాడియస్ గొంతు సవరించుకుని, ప్రాణమున్న సామగ్రిని సంఘం నమోదు చెయ్యదని విచారంతో చెప్పాడు. మరి పోస్టాఫీసు ముందున్న కాక్టస్‌ని ఎలా నమోదు చేశారు, దానికి మాత్రం ప్రాణం లేదా అని నేను లేచి నిలబడ్డాను.

“దానికి వేర్లున్నాయి కదండీ వెర్నా గారూ,” అన్నాడు, ఎంతో మెత్తగా.

ఓర్ఫా ఒక కాలు ఎత్తి, జోడు అడుగున ఏముందో చూసుకుంది.

వారంలో తీర్పు కాగితం వచ్చింది. కుర్చీ, కప్పు, వరండా నీడ శాశ్వత సామగ్రి, నమోదు చేశాం. ఓర్ఫా తాత్కాలిక సామగ్రి. పైగా ఒక వాక్యం కలిపారు, అది మీరూ చదవాలి: ‘స్త్రీ లేకపోవడం ఈ కృతికి మరింత లోతు ఇస్తుంది.’

ఇంత లోతుగా ఆలోచించేవాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారా?

సంఘం మనుషులొచ్చి కుర్చీ ఎప్పుడూ ఉండే చోట, అంగుళం తేడా రాకుండా, అదే ముఖంగా, నేలకి బోల్టులు వేశారు. కప్పుని కుర్చీ చేతికి అంటించారు. ముందు ఒక తాడు కట్టి, పేరు రాసిన ఇత్తడి రేకు బిగించారు.

చెల్లెలి కూతురి మొగుడు వ్యాను తెచ్చిన రోజున ఓర్ఫా కుర్చీ తీసుకెళతానంది. కుదరదన్నారు. పోనీ కప్పైనా అంది. అది కృతిలో భాగమన్నారు. ఆఖరి కాఫీ మా ఇంట్లో, నా కప్పులో తాగింది. బాగాలేదంది. రోజూ అదే పొడి అన్నాను. పొడిని కాదు, కప్పుని అంటున్నానంది.

నాకు వీడ్కోళ్ళు చేతకావు. మా ఆయన బస్సెక్కిన నాడు పొగ కూడా పోయేదాకా చెయ్యి ఊపాను, ఆయన తిరిగి రాలేదు. అప్పటి నుంచీ చెయ్యి ఎత్తడమంటే భయం. ఓర్ఫాకి ఆ సంగతి తెలుసు. వ్యాను ఎక్కి కిటికీ దించి, “చెయ్యి ఊపకు. ఊపితే నేను వెనక్కి తిరిగి చూడాలి, నా మెడ తిరగదు,” అంది.

ఊపలేదు. వ్యాను పదకొండు ఫ్రిజ్‌ల పక్క నుంచి మలుపు తిరిగింది.

తర్వాత నాకు పట్టిన అదృష్టం చూడండి! రెండు రోజులకోసారి కొత్త పొరుగువాళ్ళు. ఒకసారి యోగా చేసేవాళ్ళు, ఒకసారి పెళ్ళి ఫోటోలవాళ్ళు, ఒకసారి రాళ్ళకి పాటలు పాడి వినిపించేవాళ్ళు. ఎవరూ తలుపు బాదరు. ఎవరూ అడ్డమైన వేళ చక్కెర అడగరు. పేరు గుర్తుపెట్టుకునే లోపు వెళ్ళిపోతారు, కాబట్టి అలవాటు పడే ప్రమాదం లేదు. వీడ్కోళ్ళంటే భయపడే మనిషికి ఇంతకంటే మంచి మందు ఏ డాక్టరు రాసిస్తాడు?

ఒక్క కెండ్రాకే చిక్కు వచ్చింది. చుట్టాలు అసంతృప్తిగా ఉన్నారట. రేకు మీద స్త్రీ అని రాసి ఉంది, కానీ స్త్రీ ఏదీ అంటున్నారట. పాపం, నా దగ్గరికి వచ్చి, శని ఆదివారాలు పొద్దున్న ఓ రెండు గంటలు ఆ కుర్చీలో కూర్చుంటారా ఆంటీ అని అడిగింది. అచ్చం ఆవిడలాగే ఉంటారంది. ఓర్ఫా నాకంటే జానెడు పొడవు, రెండు జానల వెడల్పు! కూర్చోనన్నాను.

కానీ కూర్చున్నాను. ఒక మంగళవారం, చుట్టాలెవరూ లేని పొద్దున. ఇటూ అటూ చూసి, తాడు దాటి, ఎడమ కాలు వంకర గుర్తుపెట్టుకుని, జాగ్రత్తగా. పందొమ్మిదేళ్ళు ఆమె చూసిన కొండల్ని ఒక్కసారి ఆమె కూర్చున్న చోటు నుంచి చూద్దామని.

కొండలు లేవు.

మెట్ల మీద నుంచి కనిపిస్తాయి. కుర్చీలోంచి చూస్తే కొండల్ని పదకొండు ఫ్రిజ్‌లు ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పేశాయి. ఆరేళ్ళుగా కప్పేసే ఉన్నాయి. అక్కడ కూర్చున్న మనిషికి నేరుగా, కళ్ళకెదురుగా కనిపించేది ఒక్కటే: మా వంటింటి కిటికీ. దాని పసుపుపచ్చ తెర. నేను రోజూ లేవగానే ఎత్తే తెర. ఎంత తేటగా కనిపిస్తుందంటే, కిటికీ గూట్లో పెట్టిన చక్కెర డబ్బా మీద అక్షరాలు కూడా చదవొచ్చు.

అందుచేత కళా సంరక్షణ సంఘం వారికి ఈ పత్రిక ద్వారా నా ఫిర్యాదు. నాకున్నది ఇదొక్కటే. ఇత్తడి రేకు మీద పేరు తప్పు. ఆ కుర్చీలోంచి కొండలు కనిపించవు. మీరే వచ్చి కూర్చుని చూసుకోండి, వంకర కాలుతో జాగ్రత్త. చూశాక, వేర్లు లేవన్న తీర్పు కూడా ఇంకోసారి చదువుకోండి.

పనిలో పనిగా నేనొక చిన్న పరీక్ష పెట్టాను. శుక్రవారం నుంచి మా వంటింటి తెర ఎత్తలేదు. ఇవాళ్టికి నాలుగు రోజులు. ఈ నాలుగు రోజుల్లో ఏడు కార్లు ఆగాయి. జనం దిగి, మూసి ఉన్న ఆ తెరకి ఫోటోలు తీసుకున్నారు. నిన్న సంఘం వారి దరఖాస్తు కాగితం ఒకటి ఎవరో తలుపు కింద నుంచి లోపలికి తోశారు.

చక్కెర అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు.