ఒక్క ప్రమాదమూ జరగని విభాగం

గోదావరి జిల్లాల్లో క్యాన్సర్‌కి ఇక నూకలు చెల్లాయని మంత్రి హరిబాబు గారు ప్రకటించిన రోజునే, రాజమండ్రి శివార్లలోని కొత్త మెడికల్ కాలేజీలో డాక్టర్ కౌముది రేడియేషన్ ఆంకాలజీ పీజీగా చేరింది. ఆ విభాగంలో ఉన్న సీటు ఒకటే. అది కౌముదిది.

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి లోపలికి నడిచారు. రేడియేషన్ బయటికి రాకుండా ఆరడుగుల మందాన కట్టిన కాంక్రీటు గోడలు. మధ్యలో ఏమీ లేదు.

"మిషన్ ఏదండీ?" అంది కౌముది.

"గది చూడమ్మా, ఎంత చల్లగా ఉందో!" అన్నారు మంత్రిగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

హెచ్‌ఓడీ వేంకటరమణ గారు నిబద్ధత గల గురువు. నేలమీద సుద్దతో మిషన్ బొమ్మ గీశారు. కౌముది ఏడాదిపాటు ఆ గీతల చుట్టూ తిరుగుతూ చదువుకుంది. బొమ్మను తొక్కితే ఆయనకి కోపం వచ్చేది.

ఆ ఏడాది చివర్లో అప్పాయమ్మ వచ్చింది. జంగారెడ్డిగూడెంలో జీడిపిక్కలు కొట్టే పని. గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్. ఆలస్యం చేస్తే ముదిరిపోయేదే.

"మీరు వెంటనే విశాఖపట్నం వెళ్లి రేడియేషన్, అదే కరెంటు, పెట్టించుకోవాలండి," అంది కౌముది.

"అంత దూరం ఎందుకు డాక్టరమ్మా? ఇక్కడే పెడతారని మంత్రిగారు టీవీలో చెప్పారుగా. ఆయనకి అబద్ధమాడే పనేముంది?"

ఎంత చెప్పినా వినలేదు. వారం వారం బస్సెక్కి వచ్చి, "వచ్చిందా అమ్మా?" అని అడిగి వెళ్లేది. ఆరు వారాలు గడిచాయి.

ఇంతలో ఇన్‌స్పెక్షన్ అన్నారు. మిషన్ లేకపోతే సీటు రద్దు. కాలేజీ వారు తణుకు నుంచి పెళ్లి మండపాల సెట్టింగులు వేసే బుల్లిరాజుని పిలిపించారు. అతను రెండు రోజుల్లో ప్లైవుడ్డు, థర్మోకోల్‌తో మిషన్ నిలబెట్టాడు. ఫ్యాన్ మోటారుతో తల తిరుగుతుంది, నీలం లైటు వెలుగుతుంది. కంపెనీ మిషన్ కంటే ఇదే అందంగా ఉందని వేంకటరమణ గారు మెచ్చుకున్నారు.

"చుట్టూ బంతిపూలు కట్టమంటారా అండీ?" అన్నాడు బుల్లిరాజు.

ఇన్‌స్పెక్టర్ గారు వచ్చే వేళకి పేషెంటు కావాల్సొచ్చింది. బయట బెంచీమీద ఉన్న అప్పాయమ్మని తీసుకొచ్చి పడుకోబెట్టారు. ఆవిడ తలపైన తిరుగుతున్న నీలం లైటు చూసి చేతులు జోడించింది.

"వచ్చేసిందా డాక్టరమ్మా! నాకు తెలుసు."

కౌముది తన సీటు సంగతి మరిచిపోయింది.

"లేవండి అప్పాయమ్మ గారూ. ఇది థర్మోకోల్," అంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, "సార్, ఈ ఏడాదిలో మేం ఒక్కరికి కూడా రేడియేషన్ ఇవ్వలేదండి," అంది.

వేంకటరమణ గారు గోడకి చేరగిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ గారు మాత్రం చలించకుండా, "ఒక్కరికీ ఇవ్వలేదు," అని పైకి అనుకుంటూ రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే కౌముది అప్పాయమ్మని వెంటబెట్టుకుని విశాఖ రైలెక్కింది. అక్కడ పనిచేస్తున్న స్నేహితురాలిని బతిమాలి మర్నాడే ట్రీట్‌మెంటు మొదలుపెట్టించింది. ఆరు వారాల క్రితమే తీసుకురావాల్సిందని స్నేహితురాలు నెమ్మదిగా అంది.

సీటు పోయిందనుకునే తిరిగొచ్చింది. నోటీసు బోర్డు దగ్గర అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఏడాది పొడుగునా ఒక్క రేడియేషన్ ప్రమాదం కూడా జరగనందున వీరిది రాష్ట్రంలోనే అత్యంత సురక్షితమైన విభాగమట. సీట్లు ఒకటి నుంచి నాలుగుకి పెంచారు.

సన్మానానికి మంత్రిగారే వచ్చారు. శాలువా కప్పుతుంటే కౌముది ఆయన చెవి దగ్గరగా, "ఇప్పటికైనా మిషన్ ఇప్పించండి సార్," అంది.

హరిబాబు గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన ముఖంలో నిజమైన ఆందోళన కనిపించింది.

"మిషన్ వస్తే ఈ రికార్డు ఉంటుందా అమ్మా?"